దోసెడు మట్టి

మా అత్తగారు అరటి పిలక ఎవరికిచ్చినా దాంతోపాటు తల్లి మొదట్లోని మట్టి దోసెడు ఇస్తుంది. ఎండిన అరటి పట్టని దొన్నెలా మడిచి, అందులో మట్టి పోసి, ఆ మట్టిలో పిలక దుంపని కూర్చోబెట్టి, పట్టనారతోనే కట్టి చేతిలో పెడుతుంది. మట్టి లేకుండా పిలకని పంపడమంటే ఆవిడ లెక్కలో కొత్త కాపురానికి పుట్టింటి మనిషి తోడు లేకుండా పంపడం. అడిగిన ఆడమనిషిని ఉత్త చేతులతో పంపడం అంతకన్నా తప్పు.

మా ఆయన భద్రం ఉద్యోగం దీనికి సరిగ్గా ఎదురు. ఆయన గోదావరి గట్టు మీదున్న అరటి పరిశోధన కేంద్రంలో తెగుళ్ళ నిపుణుడు. అక్కడ మొక్కలు సీసాల్లో పుడతాయి. వాటి వేళ్ళకి మట్టి అంటే ఏమిటో తెలియదు. ఎవరి చెప్పుకైనా మట్టి కనిపిస్తే సంజాయిషీ రాసివ్వాలి. ఒకే ఇంట్లో ఒకరు మట్టి పంచుతారు, ఒకరు మట్టి కడుగుతారు. గిన్నెలు కడిగేది నేను.

మా ఊరు పొన్నలంక, గోదావరి రెండు పాయల మధ్య. నేను చెప్పేది ఎండు తెగులు నాలుగోసారి వేషం మార్చుకుని వచ్చిన రోజుల సంగతి. అప్పటికే బజార్లో అమృతపాణి పండు లేదు. దాని వాసన మాత్రం చిన్న సీసాల్లో దొరికేది. పిల్లలు అమృతపాణి అంటే అదొక ఐస్‌క్రీం రంగు అనుకునేవారు. లంకలో మిగిలిన ఒకే ఒక్క అమృతపాణి దుబ్బు మా పెరట్లో ఉండేది. మా అత్తగారు పల్లాలమ్మ కాపురానికి వస్తూ ఒళ్ళో పెట్టుకుని పడవ దాటించిన పిలక తాలూకు సంతానం. తల్లి గెల వేసి పడిపోతే పిల్ల లేచేది, పిల్ల పడిపోతే మనవరాలు. పది పదిహేను బోదెలతో పెరడంతా అదే.

భద్రం ఆరేళ్ళు కష్టపడి ఒక బూజుని తయారుచేశాడు. దానికి కేంద్రంలో పేరు ఎం-41. అదేం చేస్తుందని అడిగితే ఆయన నోటితో చెప్పలేదు, వంటింటి గట్టు మీద తొట్టి పెట్టి చూపించాడు. తొట్టిలో రెండు అరటి మొక్కలు. మట్టిలో కంటికి కనిపించనంత సన్నని బూజు దారాలు ఒకదాని వేళ్ళ నుంచి రెండోదాని వేళ్ళ దాకా అల్లుకుని ఉన్నాయి. ఒక మొక్కకి తెగులు ఎక్కించాడు. మట్టిలో గుచ్చిన రెండు తీగలు ఒక చిన్న పెట్టెకి వెళ్ళాయి. మూడో రోజు నేను ఉప్మాకి రవ్వ వేయిస్తుంటే పెట్టె టిక్కుమంది. కాసేపాగి మళ్ళీ టిక్కు.

"వెళ్ళింది," అన్నాడాయన, చెంబెడు నీళ్ళు ఒలకబోసుకుంటూ.

"ఏం వెళ్ళింది?"

"కబురు. తెగులొచ్చిందని ఇది దానికి చెప్పింది."

సాయంత్రానికి రెండో మొక్క వేరు కోసి చూపించాడు. నీరెక్కే గొట్టాలన్నీ లోపల జిగురుతో మూసుకుని ఉన్నాయి. పక్కింట్లో దొంగలు పడ్డారని తెలిసి మన తలుపుకి గడియ వేసుకోవడం ఎలాగో అలాగ. తెగులు వచ్చి, తలుపు తట్టి, పోయింది. మొక్క తర్వాత మళ్ళీ మెల్లగా గడియ తీసుకుంది. నేను ఆ బూజుకి కబుర్లబూజు అని పేరు పెట్టాను. నెల తిరక్కుండా కేంద్రంలో అందరూ అలాగే పిలిచారు. ఒకసారి నివేదికలో కూడా ఆ మాట పడితే సంచాలకురాలు ఇందుమతి గారు ఎర్రసిరాతో కొట్టేశారట.

తొట్టిలో పలికిన బూజు పొలంలో పలకలేదు. సీసా మొక్కలు తెగులు తగిలిన పన్నెండు రోజుల్లో చచ్చిపోయేవి. కబురు పూర్తిగా చెప్పేంత వ్యవధి వాటికి లేదు. బూజుకి పాఠం రావాలంటే తెగులుతో నెలల తరబడి పెనుగులాడే పాత దుబ్బు కావాలి. భద్రం రెండేళ్ళ క్రితమే మా పెరట్లో దుబ్బు చుట్టూ ఆ బూజు కలిపాడు, ఏదో రోజు పనికొస్తుందని. ఆ రోజు రాకూడదని మాత్రం ఇంట్లో అందరం అనుకున్నాం.

శ్రావణంలో వరద వచ్చింది. నీళ్ళు తీశాక ఇరవై రోజులకి దుబ్బులో అన్నిటికన్నా పెద్ద బోదె అడుగాకులు అంచుల నుంచి పసుపెక్కాయి. మా అత్తగారు కొడవలితో కాస్త కోసి చూసింది. తెల్లగా ఉండవలసిన చోట ఇటుక రంగు చారలు. కొడవలి కింద పెట్టి గునపం తెచ్చింది.

భద్రం అడ్డంగా నిలబడ్డాడు.

"పక్కకి జరగరా."

"తవ్వకమ్మా. నిలబడి పోనీ."

"గొడ్డుకి రోగమొత్తే మందేత్తాం. లేదంటే గొయ్యి తీత్తాం. నిలబెట్టి చూత్తా కూచుంటామేంట్రా?"

"తవ్వేస్తే ఇదొక్కటే పోద్ది. ఉంచితే తనకేం జరిగిందో బూజుకి చెప్పి పోద్ది. ఆ కబురుంటే లంకంతా బతుకుద్దమ్మా."

ఆవిడ గునపం మీద గడ్డం ఆనించి చాలాసేపు దుబ్బు వంక చూసింది.

"ఎన్నాళ్ళు?"

"తొంభై రోజులు."

"పిలకలు?"

"ఒక్కటి కూడా బయటికి పోకూడదు. ఆకు పోకూడదు, మట్టి పోకూడదు. తొంభై రోజులయ్యాక కాల్చేస్తాం."

"అంటే ఈ వంశం ఇంతే."

భద్రం ఆవిడ చేతిలోంచి గునపం తీసుకుని గోడకి ఆనించాడు. మర్నాడు కేంద్రం వాళ్ళు వచ్చి దుబ్బు చుట్టూ తాడు కట్టారు. గుమ్మం దగ్గర సున్నపు నీళ్ళ పళ్ళెం పెట్టారు, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అందులో కాళ్ళు ముంచాలి. గేటుకి కెమెరా బిగించారు. షరతుల కాగితం మీద మా అత్తగారు సంతకం పెట్టింది. సాక్షి సంతకం నాది. రోజూ పెరటి గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు వలిచే మనిషి, ఆ రోజు నుంచి పీట వీధి అరుగు మీదకి మార్చుకుంది.

ఇరవై నాలుగో రోజు శుక్రవారం. నాలుగిళ్ళ అవతలి మంగతాయారు కుంకుమ భరిణెతో వచ్చింది. మా అత్తగారికి బొట్టు పెట్టి కొంగు పట్టింది.

"పిన్నిగారండి, ఒక్క పిలక."

"దానికి రోగమొచ్చిందే."

"తెలుసండి. మా బావికాడ మా అత్తగారేసిన దుబ్బు వరదకి కొట్టుకుపోయిందండి. ఆవిడ పోయేకా దాన్నే చూసుకుంటన్నాం. ఆ చోటు కాళీగా చూళ్ళేపోతన్నాను. బతికితే బతుకుద్ది, లేపోతే లేదు. ఆయ్."

మా అత్తగారు నా వైపు తిరిగింది. "అమ్మాయ్, నీకు లోపలేదో పనుందన్నావు."

"లేదండి."

"ఉంది."

లోపలికి వెళ్ళాను. కిటికీలోంచి చూస్తే ఆవిడ తాడు కిందుగా వంగి దూరుతోంది. డెబ్భై మూడేళ్ళ మనిషి అంత వంగగలదని నాకు తెలియదు. ఆకులింకా వెడల్పవని సూది పిలక ఒకటి గునపంతో లేపింది. దొన్నె మడిచింది, మట్టి దోసిలితో ఎత్తి పోసింది. తర్వాత నన్ను పిలిచింది.

"మంగతాయారు పట్టుకెళ్తే ఆ గేటు మీద కన్ను చూత్తాది. నువ్వు కూరల సంచీలో ఏసుకెళ్ళు."

ఎందుకు మోశానని తర్వాత చాలామంది అడిగారు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఏ గిన్నె ఇచ్చి ఏ ఇంట్లో ఇచ్చి రమ్మంటే ఆ ఇంట్లో ఇచ్చి వచ్చాను. కాళ్ళకి అలవాటు. పైన తోటకూర కట్ట పెట్టుకుని, సున్నపు నీళ్ళలో పాదాలు శ్రద్ధగా ముంచి, కెమెరా ముందు నుంచే వెళ్ళాను. ఆ కెమెరాకి ఆకు మీద మచ్చ తెలుస్తుంది గానీ సంచీలో ఏముందో తెలియదు.

మంగతాయారు ఎవరితోనూ చెప్పనంది. చెప్పకుండా ఉండగలిగింది రెండు రోజులు. తర్వాత శుక్రవారాలు మా ఇంటికి బొట్టు పెట్టడానికి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. నా కూరల సంచీ ఎనిమిది సార్లు గేటు దాటింది. పెరట్లో భద్రం రోజూ దుబ్బు దగ్గర పాతిన పెట్టె ముందు కూర్చుని టిక్కులు రాసుకుంటున్నాడు. దుబ్బు ఒక్కొక్క బోదే వాలుస్తూ చెప్పవలసింది చెబుతోంది. ఆయన ఆ మట్టిలోంచి బూజు తీసి, శుభ్రం చేసి, కేంద్రంలో సీసా మొక్కలకి ఎక్కిస్తున్నాడు. అవి వినడం లేదు. పన్నెండో రోజుకి ఎప్పట్లాగే చచ్చిపోతున్నాయి.

"బూజు అదే. కబురు అదే. మరెందుకు వినవు?" అన్నాడు ఒకరోజు, భోజనాల దగ్గర.

"చెప్పేవాళ్ళు తెలిసినవాళ్ళైతేనే గదా వింటాం," అంది మా అత్తగారు మజ్జిగ పోసుకుంటూ. ఆయన దాన్ని మామూలు దెప్పిపొడుపు కింద జమకట్టాడు. నేనూ అంతే.

తొమ్మిదో పిలక పేరంటాలుది. లంక చివర ఎకరన్నర కౌలుకి తీసుకుని, భద్రం మాట మీద ఆరువందల సీసా మొక్కలు నాటింది. ఆమె భర్త పడవ నడుపుతాడు, తోటంతా ఆమె చేతి మీదే. నన్ను వదినా అంటుంది. ఆ పిలక సంచీలో పెట్టుకోబోతుంటే నాకు భయం వేసింది. ఆ వారమే భద్రం సూక్ష్మదర్శినిలో తెగులు గింజల్ని చూపించాడు. కొడవలి ఆకారంలో, చిటికెడు మట్టిలో వేలకివేలు. పేరంటాలు బతుకంతా ఆ ఎకరన్నరలో ఉంది. నేను బియస్సీ బాటనీ చదివినదాన్ని. ఎనిమిది సార్లు తప్పు చేశాను, ఈసారైనా సవ్యంగా చెయ్యాలనుకున్నాను. దొన్నె విప్పి, మట్టి కొబ్బరిచెట్టు మొదట్లో పారబోసి, కుళాయి కింద పిలక దుంపని కొబ్బరిపీచుతో తెల్లగా వచ్చేదాకా తోమాను. వెండి గ్లాసు కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ తోమలేదు.

పేరంటాలు పిలకని అటూ ఇటూ తిప్పి చూసింది. "మట్టేదొదినా?"

"మట్టిలోనే కదా రోగముండేది. కడిగేశాను."

"చదువుకున్నోరు. మీకు తెలుత్తాది," అంది, నా చేతిని కళ్ళకి అద్దుకుని.

కార్తీకం నాటికి లంకలో తెగులు మూడొంతుల తోటల్లో కనిపించింది. వరద నీరు ఎక్కడెక్కడికి వెళ్ళిందో అక్కడికల్లా వెళ్ళింది. పేరంటాలు తోట మాత్రం అందరికన్నా ముందు పడిపోయింది. నేను వెళ్ళేసరికి ఆమె మడిలో కూర్చుని ఉంది. నేనిచ్చిన పిలక మోకాలెత్తు కూడా పెరక్కుండానే వాడిపోయింది. దాని చుట్టూ మొక్కలు గొడుగులు ముడిచినట్టు ఆకులు దించేసుకున్నాయి.

"మీరు కడిగే ఇచ్చేరు కదొదినా," అంది. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. నేను కాసేపు ఆమె పక్కన మట్టిలో కూర్చుని వచ్చేశాను.

ఆ తర్వాత ఆజ్ఞ వచ్చింది. పొన్నలంకలో ఉన్న నాలుగువందల ఎకరాల అరటీ పెళ్ళగించి కాల్చెయ్యాలి. పదేళ్ళ దాకా లంకలో అరటి నాటకూడదు. యంత్రాలు పంటు బల్లకట్టు మీద సోమవారం పాయ దాటతాయి. ఆజ్ఞ కింద తెగుళ్ళ నిపుణుడి సంతకం కావాలి. ఆ నిపుణుడు రెండు రోజులుగా నిన్నటి పులుసు వడ్డించినా గమనించకుండా తింటున్నాడు.

శనివారం పొద్దున్న ఆయన కేంద్రానికి బయల్దేరుతుంటే మా అత్తగారు పట్టుచీర కట్టుకుని వచ్చి కారెక్కింది.

"నువ్వెక్కడికమ్మా?"

"మీ పెద్దావిడతో మాటాడాలి. తొంభై రోజులని సంతకం పెట్టించుకున్నారు. ఇయ్యాళ్టికి ఎనభయ్యొకటి. ముందే కొట్టేత్తానంటే ఎలాగ?"

నన్ను కూడా రమ్మంది. ఎందుకని అడిగితే, తనకి కాగితాలు చదివిపెట్టడానికంది. ఆవిడ నాకన్నా స్పష్టంగా చదువుతుంది.

ఇందుమతి గారిది అనంతపురం వైపు. మాట కటువు, మనిషి కాదు. మా అత్తగారికి ముందు కుర్చీ వేయించి, తర్వాత మంచినీళ్ళిప్పించి, ఆ తర్వాత వీలు కాదన్నారు.

"అమ్మా, నాకూ సంతోషంగా లేదు. లంకలో తెగులు ఆగకపోతే పాయ దాటి కోనసీమంతా పోతుంది. ఇది చూడండి."

గోడ మీద తెర వెలిగింది. కేంద్రం వాళ్ళు తోటల మీద తిప్పే యంత్రం ఒకటుంది. మా ఊళ్ళో దాన్ని తూనీగ అంటారు. నిన్న అది తీసిన ఫొటో. గోదావరి మధ్య పొన్నలంక, సగం మాడిన అట్టు మాదిరిగా.

"ఈ గోధుమరంగంతా తెగులే. నాకు అర్థం కానిది ఒకటే," అని ఆవిడ వేలితో చూపించారు. "ఈ పచ్చ చుక్కలు. గుండ్రంగా, ఒక్కొక్కటి ఇరవై ముప్ఫై మొక్కలు. వీటి చుట్టూ అన్నీ చచ్చాయి. ఇవి చావలేదు. నేల ఒకటే, నీరు ఒకటే. భద్రం గారూ, యంత్రం తప్పా ఇది?"

భద్రం తెర దగ్గరికి వెళ్ళాడు. మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, కూర్చున్న చోటు నుంచే అంది.

"అది మంగతాయారు బావికాడదండి."

ఇందుమతి గారి వేలు ఆ చుక్క మీదే ఆగింది.

"దాని పక్కది రాంబాయమ్మ కళ్ళం. ఆవిడ కోడలికి నెల తప్పిందని వచ్చింది, కాదనలేపోయాను. ఆ కింద వరసగా మూడూ ఉన్నాయి చూడండి, అవి తోడికోడళ్ళు ముగ్గురూ. ఒకత్తికిచ్చి ఇంకొకత్తికి ఇవ్వకపోతే ఆ ఇంట్లో పొయ్యెలగదు. రేవుకాడది సుందరమ్మ. ఆ పెద్దది బడి పంతులమ్మది, ఆవిడ రెండు దోసిళ్ళడిగింది. చివరది చాకిరేవు గట్టు మీద లచ్చమ్మది."

"అమ్మా," అన్నాడు భద్రం. "ఇచ్చావా?"

"అడిగేరు."

ఇందుమతి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మేం నిషేధం పెట్టిన తర్వాత?"

"నిషేధం మీరు పెట్టేరండి. పిలక ఆళ్ళడిగేరు. బొట్టెట్టి కొంగు పట్టేకా ఏమని పంపమంటారు?"

"మట్టితోనా?"

"మట్టి లేకుండా ఎవరైనా ఇత్తారాండి?"

భద్రం పచ్చ చుక్కలు లెక్కపెడుతున్నాడు, పెదాలు కదుపుతూ. "ఎనిమిది," అన్నాడు. "ఎన్ని ఇచ్చావమ్మా?"

"తొమ్మిది." ఆవిడ తెర వైపు మళ్ళీ చూసింది. "పేరంటాలుది లేదేంటి ఇందులో?"

ఆవిడకి తెలియదు. నేను కడిగానని ఆవిడకి చెప్పలేదు. లంక చివర, పేరంటాలు తోట ఉండవలసిన చోట, గోధుమరంగు తప్ప ఇంకేమీ లేదు.

నోరు మూసుకుని కూర్చుంటే తప్పంతా మా అత్తగారిదైపోయేది. కాసేపు ఆ ఆలోచన కూడా వచ్చిందని ఒప్పుకోవాలి.

"అది నేను కడిగి ఇచ్చానండి," అన్నాను.

భద్రం తిరిగాడు. "నువ్వా?"

"తొమ్మిదీ నేనే మోశాను. ఎనిమిది ఆవిడ కట్టినవి కట్టినట్టే ఇచ్చాను. పేరంటాలుది మాత్రం మట్టి పారబోసి కడిగాను."

ఇందుమతి గారు తిడతారనుకున్నాను. ఆవిడ కాగితం లాక్కున్నారు. "ఏ నీళ్ళతో కడిగారు?"

"కుళాయి నీళ్ళు. కొబ్బరిపీచు పెట్టి."

"ఎంతసేపు?"

"కుక్కర్లో పప్పు ఒక కూత వచ్చేంతసేపు."

ఆవిడ అలాగే రాసుకున్నారు. భద్రం కుర్చీలో కూలబడి, ఎవరికీ కాకుండా చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టాడు. "మన సీసా మొక్కలూ కడిగినవే. బూజుని కూడా శుభ్రం చేసే ఎక్కిస్తున్నాం. ఒట్టి బూజు. ఆ దోసెడు మట్టిలో బూజుతోపాటు ఇంకా ఎన్నో బతుకుతుంటాయి, పాత వేళ్ళ ముక్కలు, వాటి మీదుండే సూక్ష్మజీవులు. అవన్నీ ఉంటేనే కొత్త చోట బూజు పాకుతుంది. పాకినంత మేరా పక్క మొక్కలకి చెబుతుంది. అందుకే గుండ్రంగా..." అని ఆగిపోయాడు. తర్వాత మాట అనడం ఆయనకి ఇష్టం లేదని నాకు తెలిసింది.

నాకు బాటనీ ఆ మాత్రం గుర్తుంది. తెగులు దుంప లోపల ఉంటుంది, కడిగితే పోదు. కబురు మట్టిలో ఉంటుంది, కడిగితే పోతుంది. నేను కబురుని పారబోసి, తెగుల్ని మోసుకెళ్ళి పేరంటాలు చేతిలో పెట్టాను.

మా అత్తగారు నా ముంజేతి మీద చెయ్యి వేసి, ఇంటికి వచ్చేదాకా తియ్యలేదు.

ఇందుమతి గారు సోమవారం యంత్రాలని ఆపించారు. ముప్ఫై రోజులు గడువు తెచ్చారు. భద్రాన్ని ఆరు నెలలు ప్రయోగశాల మెట్లెక్కవద్దన్నారు. అది శిక్షో ఏర్పాటో నాకిప్పటికీ అనుమానమే, ఎందుకంటే చెయ్యవలసిన పనంతా పొలాల్లోనే ఉంది. ఆయన ఎనిమిది చుక్కల్లోనూ ఎనిమిది పెట్టెలు పాతాడు. చుక్క అంచున ఉన్న మొక్కల వేళ్ళు కోసి చూస్తే అన్నీ గడియలు వేసుకున్నవే, చక్కెరకేళీ రకం, కర్పూరం రకం అన్న తేడా లేకుండా.

ఎనభై ఎనిమిదో రోజు మధ్యాహ్నం మా పెరట్లో చివరి బోదె ఒరిగింది. చప్పుడు పెద్దగా లేదు. తడి చీర దండెం మీంచి జారినంత. మా అత్తగారు వీధి అరుగు మీంచి లేచి, చాలా రోజుల తర్వాత పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పెట్టె ఇంకో రెండుసార్లు టిక్కుమని ఆగిపోయింది. అప్పుడే భద్రం ఫోన్ చేశాడు, మంగతాయారు బావి దగ్గర నుంచి. ఫోన్ మా అత్తగారి చెవి దగ్గర పెట్టాను. ఆయన తన ఫోన్ అక్కడి పెట్టెకి ఆనించాడు. అవతల టిక్కు, కాసేపాగి టిక్కు. ఆవిడ చాలాసేపు వింది.

"ఊ," అంది చివరికి, ఎవరో బంధువు కులాసా చెబితే విన్నట్టు. ఫోన్ నాకిచ్చి, కాల్చడానికి కొబ్బరి మట్టలు ఎక్కడున్నాయో చూపించింది.

నూటయాభై ఎకరాలు పోయాయి. రెండువందల యాభై నిలిచాయి, ఆజ్ఞ వెనక్కి పోయింది. చుక్కల మట్టి దోసెళ్ళ లెక్కన తోట తోటకీ వెళ్ళింది. ఇందుమతి గారికి దోసెడంటే ఎంతో తేలాలి. తూకం యంత్రం తెచ్చి లంకలో ఆడవాళ్ళందరి చేతా మట్టి ఎత్తించారు. మా అత్తగారి దోసిలి నాలుగువందల అరవై గ్రాములు. నాది మూడువందల ఎనభై. నా చెయ్యి తక్కువ పెట్టే చెయ్యని ఆవిడ ఇరవై రెండేళ్ళుగా అంటూనే ఉంది, ఇప్పుడు ప్రభుత్వ ముద్ర కూడా పడింది. నివేదికలో 'తల్లి మొదట్లోని మట్టి, ఒక దోసెడు' అని రాశారు. అందులో కబుర్లబూజు అన్న మాట ఈసారి మూడు చోట్ల ఉంది. ఎర్రసిరా పడలేదు.

పేరంటాలు తోట నూటయాభైలోకి పోయింది. నేనే వెళ్ళి చెప్పాను, ఏం కడిగానో, ఏం మిగిల్చానో. ఆమె వింది. "మీరు కావాలని చేత్తారా," అంది, ఆ తర్వాత రెండు నెలలు నాతో మాట్లాడలేదు. రెండూ నిజమే. నేల బాగుపడడానికి జనుము చల్లింది. పూత మీద దున్నేసింది. దున్నిన రోజున నేను గట్టు మీదుగా వెళ్తే తల ఎత్తలేదు.

మాఘంలో ఒక పొద్దున్న మా అత్తగారు కుంకుమ భరిణె తీసుకుని చెప్పులేసుకుంది. "రా," అంది నన్ను. కూరల సంచీ కూడా తెమ్మంది, అలవాటు కొద్దీ.

మంగతాయారు బావి దగ్గర అమృతపాణి ఆరడుగులు లేచింది. మొదట్లో నాలుగు పిలకలు. మా అత్తగారు మంగతాయారుకి బొట్టు పెట్టింది. తర్వాత బావి నీళ్ళు తీపేనా అని అడిగింది. గేదె ఈనిందా అని అడిగింది. మంగతాయారు చెల్లెలి కాపురం గురించి అడిగింది. జీవితమంతా ఇచ్చిన మనిషికి అడగడం రాదు. మంగతాయారుకి అది అర్థమైంది, ఆమె గడుసుది.

"పిన్నిగారండి, ఎందుకొచ్చేరో చెప్తే కదండి."

"ఊరికే వచ్చేను."

"ఊరికే బొట్టెట్టేరాండి? అడగందే ఇవ్వనండి. నాకు మీరే నేర్పేరు. ఆయ్."

మా అత్తగారు నా వైపు చూసింది. నాకు లోపల పనేమీ లేదు, అక్కడ లోపలే లేదు. ఆవిడ మెల్లగా కొంగు పట్టింది.

"ఒక్కటే."

మంగతాయారు అన్నిట్లోకీ బలమైన సూది పిలక ఎంచి గునపంతో లేపింది. దొన్నె మడిచి దోసిలితో మట్టి పోసింది.

"నీ దోసిలి చిన్నదే," అంది మా అత్తగారు.

మంగతాయారు నవ్వి మరో గుప్పెడు వేసింది. సంచీలో పెట్టబోతే ఆవిడ వద్దని నా రెండు చేతుల్లోనూ పెట్టించింది. ఇంటికి దారి బావి నుంచి ఎడమకి. ఆవిడ కుడికి తిరిగింది. అటు లంక చివర తప్ప ఇంకేమీ లేదు.

"మన పెరట్లో గొయ్యి తీసి ఉంచాను కదండీ," అన్నాను.

"ఉండనీ. దీనికి పిలకలొచ్చేకా ఇంకోటి అడుగుదాం. అడగడం వచ్చేసింది కదా."

పేరంటాలు తోటలో మడులు కడుతోంది. మమ్మల్ని చూసి పార కింద పెట్టింది. కొంగు పట్టలేదు, పలకరించలేదు. మా అత్తగారు గట్టు మీదే ఆగిపోయింది, నన్ను ముందుకి నడవమన్నట్టు. నడిచాను. మోచేతుల దాకా మట్టి కారుతోంది. జాకెట్టు చేతులు తడిసిపోయాయి.

పేరంటాలు దొన్నెలోకి వంగి చూసింది. వేలు పెట్టి మట్టి కదిపింది. తర్వాత నా చేతుల వంక చూసింది.

"కడిగేరా?"

"లేదు."

"ఒట్టు?"

"నా చేతులు చూస్తే తెలియడం లేదా?"

ఆమె నవ్వలేదు గానీ, పార తీసుకుంది. మడి మధ్యకి నడిచి, నాలుగు వేట్లలో గొయ్యి తీసింది. గొయ్యి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నా వైపు తల తిప్పింది.

"అయితే పట్టండొదినా," అంది. "ఒలకబోయకండి."